లేవలేదా, లేపలేదా?

మా హైస్కూల్లో ఆలస్యంగా వచ్చిన పిల్లల కోసం ఓ పుస్తకం పెట్టాం. మామూలు లాంగ్ నోటుబుక్కే. పేరు, తరగతి, వచ్చిన టైము, కారణం. ఎవరిది వాళ్లే రాయాలి. పోయినేడాది దసరా సెలవులకు ముందు దాన్ని ఇంటికి తెచ్చుకొని, ఓ రాత్రి కూర్చొని మొదటి పేజీ నుంచీ చదివాను. "బస్సు రాలేదు." "సైకిల్ పంచరు." "నీళ్లు పట్టాను." "కడుపు నొప్పి." అన్నిటికన్నా ఎక్కువసార్లు కనిపించింది మాత్రం, "మా అమ్మ లేపలేదు."

లేవలేదు, లేపలేదు. ఒక్క అక్షరమే తేడా. 'వ' తీసి 'ప' పెడితే పని ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పోతుంది. అంత పుస్తకంలో "లేవలేదు" అని రాసినవాళ్లు ఇద్దరో ముగ్గురో. మిగతా అందరి దృష్టిలో లేవడం అనేది తాము చేసే పని కాదు, తమకు ఎవరో చేసిపెట్టే పని.

ఇది చదివి పిల్లల్ని తిట్టుకోలేదు. నాకు భయం వేసింది. ఎందుకంటే ఆ రోజు పొద్దున కూడా కోవూరులోని మా ఇంట్లో, తొమ్మిదో తరగతి చదివే మా వాడి మంచం దగ్గర నిలబడి నేను చేసింది అదే. "లెయ్ నాయనా, ఆరున్నరైంది." పది నిమిషాలాగి, "రేయ్, ఏడవతా ఉంది, బస్సు పోద్ది." ఆ తర్వాత ఫ్యాన్ ఆపేసి, దుప్పటి లాగేసి, "చెప్పీ చెప్పీ నా గొంతు పోతా ఉంది." "ఇంకా అయిదు నిమిషాలుమా" అంటాడు వాడు. వాడి బడి నెల్లూరులో. ఎనిమిదింపావుకు గేటు మూస్తారు. ఏడూ ఇరవై అయిదు బస్సు దొరికితే పెన్నా వంతెన దాటి, దిగి నడిచి, టైముకు పడతాడు. అది పోతే వాళ్ల నాన్న బండి తాళాలు అందుకుంటాడు. లెక్కలు చెప్పే టీచర్ని, పద్దెనిమిదేళ్ల సర్వీసు. ఊళ్లో పిల్లలకు సమయపాలన గురించి చెప్పి, ఇంట్లో నా కొడుక్కి అలారంగా మారిపోయాను.

"ఈకాలం పిల్లలకు బాధ్యత లేదు" అనే ఒక్క మాటతో మనం ఆలస్యాన్నంతా చుట్టేస్తాం. కానీ ఆ మాట కింద వేర్వేరు సంగతులు ముడిపడి ఉన్నాయి. ఒకదాని మందు ఇంకోదానికి పనికిరాదు. అందుకే విడివిడిగా చూడాలి.

ముందు నిద్ర సంగతి. పన్నెండు, పదమూడేళ్లు దాటేసరికి పిల్లలు రాత్రిళ్లు మేలుకోవడం మొదలుపెడతారు. మనం నేరమంతా ఫోను మీద వేస్తాం. ఫోను పాత్ర ఉంది, కాదనను. కానీ ఫోను చేతిలో లేకపోయినా ఆ వయసులో ఒంట్లోని గడియారమే వెనక్కి జరుగుతుంది. చీకటి పడ్డాక మెలటోనిన్ అనే హార్మోను ఊరి, ఇక పడుకోమని శరీరానికి చెబుతుంది. యవ్వనం మొదలైన పిల్లల్లో అది ఊరే వేళ గంట నుంచి రెండు గంటల దాకా ఆలస్యమవుతుంది. అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయంలో మేరీ కార్స్‌కాడన్ దశాబ్దాలపాటు పిల్లల నిద్ర మీద పనిచేసి దీన్ని వెలుగులోకి తెచ్చారు. పగలంతా మేలుకున్నందుకు పేరుకోవాల్సిన నిద్రమత్తు కూడా ఈ వయసులో నెమ్మదిగానే పేరుకుంటుంది. మా ఇంట్లో పదేళ్ల చెల్లెలు తొమ్మిదిన్నరకే అన్నం ముందు తూగుతుంటుంది, అన్నకు పదిన్నరకు కూడా కళ్లు చింతగింజల్లా మెరుస్తుంటాయి. వాడిది పొగరు కాదు, వయసు.

ఇప్పుడు లెక్క వేయండి. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పింది. రాత్రి పదకొండుకు కన్ను మూతపడిన పిల్లవాడికి ఎనిమిది గంటలు నిండేది పొద్దున ఏడింటికి. ఆరింటికి లేపితే రోజుకో గంట అప్పు. ఆరు రోజుల బడికి ఆరు గంటలు. ఆదివారం పదింటిదాకా పడుకొని ఆ అప్పులో కొంత తీర్చుకుంటాడు. అయితే అలా పొద్దెక్కేదాకా పడుకోవడంతో గడియారం ఇంకాస్త వెనక్కి పోతుంది. ఆదివారం రాత్రి పన్నెండైనా నిద్ర పట్టదు. మా పుస్తకంలో సోమవారాల పేజీలు ఎందుకు నిండిపోయాయో ఇది తెలిశాకే అర్థమైంది.

ఈ సంగతి పట్టించుకొని బడి వేళలే మార్చిన చోట్లున్నాయి. హైస్కూళ్లు ఉదయం 8:30 కంటే ముందు మొదలుపెట్టొద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2014లో సూచించింది. కాలిఫోర్నియా రాష్ట్రం 2019లో దాన్ని చట్టం చేసి 2022 నుంచి అమలులోకి తెచ్చింది. సియాటెల్ నగరంలో 2016లో హైస్కూలు వేళను 7:50 నుంచి 8:45కు జరిపారు. గంట ఎక్కువ దొరికితే పిల్లలు గంట ఎక్కువ మేలుకుంటారులే అని చాలామంది అనుకున్నారు. అలా జరగలేదు. చేతికి కట్టిన పరికరాలతో కొలిస్తే రోజుకు 34 నిమిషాల నిద్ర పెరిగింది.

మన ప్రభుత్వ ఉన్నత పాఠశాలలు తొమ్మిదింటికి మొదలవుతాయి. ఈ లెక్కన అవి సరైన వేళకే నడుస్తున్నాయి. ఇబ్బంది ఎక్కడంటే, పదో తరగతి పేరు చెప్పి ఏడున్నరకే స్టడీ అవర్లు పెట్టి, రాత్రి ఎనిమిదిదాకా కూర్చోబెట్టి, ఆపైన హోంవర్కు ఇచ్చే చోట. ఆ వేళలు నిర్ణయించింది పెద్దవాళ్లం. అక్కడ పిల్లవాడు ఆలస్యమైతే అందులో మన వాటా కూడా ఉంది. ఆ మాట మొహమాటం లేకుండా ఒప్పుకోవాలి.

వేళ మార్చడం మన చేతిలో లేనప్పుడు గడియారాన్ని కొంచెం ముందుకు జరుపుకోవచ్చు. రాత్రి వెలుతురు దాన్ని వెనక్కి నెడుతుంది, పొద్దున వెలుతురు ముందుకు లాగుతుంది. మా వాడికి పాల ప్యాకెట్ల పని అప్పజెప్పింది ఇందుకే. లేవగానే వీధి చివరిదాకా నడిచి రావాలి, ఎండ మొహాన పడాలి. తొమ్మిదిన్నర తర్వాత హాల్లో ట్యూబులైటు తీసేసి చిన్న బల్బు వేస్తాం, ఫోన్లన్నీ, నాదీ వాళ్ల నాన్నదీ సహా, వంటగది అరలోకి పోతాయి. పెద్దవాళ్ల ఫోన్లు కూడా పోకపోతే ఈ పద్ధతి వారం కూడా నిలవదు, మా అనుభవం అదే. ఆదివారం పొద్దున ఏడున్నర దాటనివ్వం.

నిద్ర తర్వాత చూడాల్సింది, పనికి ఎంతసేపు పడుతుందో అంచనా వేసుకోవడం. "తయారవడానికి నీకు ఎంతసేపు పడుతుంది?" అని ఓ శనివారం సాయంత్రం మా వాణ్ని అడిగాను. "పదిహేను నిమిషాలుమా" అన్నాడు, ఏమాత్రం తడుముకోకుండా. సోమవారం వాడి చేతికే స్టాప్‌వాచ్ ఇచ్చి, చెల్లెలి చేత రాయించాను. పళ్లు తోముకోవడం నాలుగు నిమిషాలు. హీటరు నీళ్ల కోసం ఆగడం ఆరు. స్నానం తొమ్మిది. యూనిఫాం, తల దువ్వుకోవడం ఏడు. కారం దోసె రెండు, పప్పుచట్నీతో, పది. సోషల్ నోట్సు వెతకడం ఎనిమిది. ఒక సాక్సు దొరక్కపోవడం మూడు. మొత్తం నలభై ఏడు. వాడు ఆ కాగితం వంక చాలాసేపు చూశాడు. అబద్ధం చెప్పలేదు వాడు, నిజంగానే పదిహేను అనుకున్నాడు. వాడి లెక్కలో స్నానం, బట్టలు మాత్రమే ఉన్నాయి. నీళ్లు కాగడం, సాక్సు వెతకడం లేవు.

దీనికి శాస్త్రంలో 'ప్లానింగ్ ఫాలసీ' అని పేరుంది, అంటే అంచనాలో పొరపాటు. మనిషి తన పనికి పట్టే సమయాన్ని తరచూ తక్కువగానే ఊహిస్తాడని డానియల్ కానెమన్, ఎమోస్ ట్వర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే రాశారు. కెనడాలో జరిగిన ఓ అధ్యయనం 1994లో అచ్చయింది. థీసిస్ ఎన్ని రోజుల్లో ముగిస్తారని డిగ్రీ విద్యార్థుల్ని అడిగితే సగటున 34 రోజులన్నారు. పట్టింది 55 రోజులకు పైనే. డిగ్రీ పిల్లల అంచనాయే అంత తప్పితే పద్నాలుగేళ్లవాడు తప్పడంలో వింతేముంది? ముందుచూపుకూ పథకం వేసుకోవడానికీ ఆధారమైన మెదడు ముందుభాగం ఇరవయ్యేళ్లు దాటాక కూడా ఎదుగుతూనే ఉంటుంది. "ఒళ్లు దగ్గర పెట్టుకో" అంటే ఈ లోపం పోదు. కొలిచి చూపిస్తే పోతుంది. ఆ కాగితం చూశాక సాక్సులు, నోట్సులు రాత్రే సర్దుకోవడం వాడంతట వాడే మొదలుపెట్టాడు. నేను చెప్పలేదు, అందుకే నిలిచింది.

చిన్న కిటుకు ఒకటి కూడా పనికొచ్చింది. "రేపట్నుంచి పెందలాడే లేస్తాను" అనే తీర్మానం గాలిలో కలిసిపోతుంది. "అలారం మోగితే లేచి, చెప్పులేసుకొని, పాలకు పోతాను" అని ఫలానా గుర్తుకు ఫలానా పనిని ముడేస్తే నిలబడుతుంది. పీటర్ గోల్విట్జర్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఈ పద్ధతి మీద ఎన్నో ప్రయోగాలు చేశారు. మా వాడి విషయంలో తేడా నేను కళ్లారా చూశాను.

ఇక అసలు ముడి. నిద్ర సరిపోయినా, అంచనా సరిగ్గా ఉన్నా, పొద్దున బడికి వేళకు చేరడం ఎవరి పని అని ఆ పిల్లవాడు అనుకుంటున్నాడు?

మన దగ్గర పిల్లల జీవితం ఎలా నడుస్తుందో చూడండి. పదో తరగతి దాకా అమ్మ గొంతు. పది కాగానే చాలామందిని నెల్లూరులోనో విజయవాడలోనో రెసిడెన్షియల్ కాలేజీలో వేస్తాం. అక్కడ తెల్లవారకముందే వార్డెన్ విజిల్, తలుపుల మీద దబదబా చప్పుడు. రెండేళ్లు అలా గడిచాక పిల్లవాడు ఇంజినీరింగు హాస్టల్లో దిగుతాడు. లేపేవాళ్లుండరు. పద్దెనిమిదేళ్లొచ్చాయి, తనంతట తాను నిద్ర లేచి ఎరగడు. 75 శాతం హాజరు ఉండాలని రూలు. మొదటి సెమిస్టరు అయ్యేసరికి "మీ వాడికి అటెండెన్సు తక్కువైంది" అని ఇంటికి ఫోను. మా పూర్వ విద్యార్థుల్లో తెలివైన పిల్లలు, లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకున్నవాళ్లు, ఇలా జారిపోవడం నాకు తెలుసు. వాళ్లకు తెలివి తక్కువ కాలేదు. అమ్మ గొంతు నుంచి వార్డెన్ విజిల్‌కు మారారే గానీ, మధ్యలో గడియారం ఏ రోజూ వాళ్ల చేతికి రాలేదు.

నీట్ రోజున మధ్యాహ్నం ఒకటిన్నరకు గేటు మూస్తారని తెలిసి పొద్దున్నే పిల్లల్ని సెంటరు దగ్గర దింపి చెట్టు కింద కూర్చునే తల్లిదండ్రులం మనం. ఆ ప్రేమకు వంక పెట్టలేను, నేనూ అలాగే కూర్చుంటాను. అయితే ఆ ఒక్కరోజుకు కాపలా ఉండగలం గానీ, మిగతా వేల రోజులకు ఉండలేం.

బడులు దీనికి సాధారణంగా రెండు మందులు వాడతాయి. గేటు బయట నిలబెట్టడం, లేకపోతే జరిమానా. ఎండలో నిలబెట్టడం, అందరిముందూ అవమానించడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షతోపాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది. పైగా గేటు బయట నిలబడినవాడు పోగొట్టుకునేది మొదటి పీరియడు, అది చాలాచోట్ల లెక్కలే. ఆ పాఠం పోయినందుకు మర్నాడు లెక్కల క్లాసంటే భయం, భయం వల్ల బడంటే విముఖత, దాంతో ఇంకా ఆలస్యం.

జరిమానా సంగతి ఇంకా ఆసక్తికరం. ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో పది డేకేర్ సెంటర్లలో జరిగిన ప్రయోగాన్ని ఉరి గ్నీజీ, ఆల్డో రస్టికీనీ 2000లో ప్రచురించారు. సాయంత్రం పిల్లల్ని తీసుకుపోవడానికి కొందరు తల్లిదండ్రులు ఆలస్యంగా వస్తున్నారని ఆరు సెంటర్లలో చిన్న జరిమానా పెట్టారు. ఆలస్యాలు తగ్గలేదు సరికదా, దాదాపు రెట్టింపయ్యాయి. అంతకుముందు "పాపం ఆ టీచరమ్మ నాకోసం ఎదురుచూస్తుంటుంది" అనే బిడియం ఉండేది. డబ్బు కట్టాక అది పోయింది, ఆలస్యానికి ఒక ధర ఏర్పడింది. తర్వాత జరిమానా ఎత్తేసినా ఆలస్యాలు మునుపటి స్థాయికి దిగలేదు. మా వాడి బడిలో లేటుకు ఇరవై రూపాయలు కట్టించుకుంటారు. కొన్నాళ్లు ఆ ఇరవై నేనే వాడి జేబులో ముందుగా పెట్టి పంపాను. ఆలస్యం వాడిది, ధర కట్టింది నేను. వాడు ఏం నేర్చుకుంటాడు?

ఇక్కడ ఇంకో మాట చెప్పకపోతే తప్పవుతుంది. ఆ పుస్తకంలో "నీళ్లు పట్టాను" అని వారానికి మూడుసార్లు రాసిన అమ్మాయి ఒకతె ఉంది. తొమ్మిదో తరగతే. నేను ఒకసారి అందరిముందూ గట్టిగా మందలించాను కూడా. తర్వాత వాళ్లింటికి వెళ్తే తెలిసింది. వాళ్లమ్మ రొయ్యల కంపెనీలో పని. కంపెనీ బస్సు చీకటితోనే వస్తుంది. ఆ తర్వాత పంపు దగ్గర బిందెలు, అన్నం వండటం, తన జడ, తమ్ముడికి స్నానం, వాణ్ని అంగన్‌వాడీ దాకా దింపడం, అన్నీ ఈ పిల్లవే. అవన్నీ చేసి తొమ్మిదింపావుకు బడికొచ్చే పిల్లకు నేను బాధ్యత గురించి చెప్పాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. ఆమెకు కావలసింది బాధ్యత నేర్పడం కాదు, బరువు దించడం. పక్కింటి అవ్వ తమ్ముణ్ని దింపడానికి ఒప్పుకుంది, మేము ఆమెకు మొదటి పదిహేను నిమిషాలు సడలించాం. ఆలస్యాలు చాలావరకు ఆగిపోయాయి.

అలాగే బస్సు. పొద్దున ఒకే ఒక్క పల్లెవెలుగు వచ్చే ఊళ్లున్నాయి. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక ఆడపిల్లలకు చార్జీల దిగులు తీరింది, మంచిదే. కానీ కిక్కిరిసిన బస్సు స్టేజీలో ఆపకుండా పోతే పిల్ల ఏం చేస్తుంది? అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు. నెల్లూరు రైల్వే అండర్ బ్రిడ్జిల కింద నీళ్లు నిలిస్తే పెద్దవాళ్లమే ఆఫీసులకు చేరలేం. కారణం అడిగి, విని, ఆ తర్వాతే తీర్పు చెప్పాలని ఆ అమ్మాయి వల్ల నేర్చుకున్నాను.

మా వాడికి ఈ కారణాలేవీ లేవు. వాడి ఆలస్యానికి కారణం నేను. అందుకని పోయిన నవంబరులో ఓ ఆదివారం సాయంత్రం, పొద్దుటి హడావుడిలో కాకుండా, మేడ మీద కూర్చొని మాట్లాడుకున్నాం. "రేపట్నుంచి నిన్ను నేను లేపను" అన్నాను. కోపంగా కాదు, వాడికి ముందే చెప్పాలి కాబట్టి చెప్పాను. వాడు ట్రంకు రోడ్డులో కొనుక్కొచ్చుకున్న అలారం గడియారాన్ని ఫ్రిజ్ మీద పెట్టుకున్నాడు, లేచి నడిస్తేగానీ ఆపలేనట్టు. బస్సు పోతే తర్వాతి బస్సుకే పోవాలి, నాన్న బండి రాదు. జ్వరమని అబద్ధపు ఉత్తరం నేను రాయను. జరిమానా వాడి పాకెట్ మనీలోంచే. ఇవన్నీ వాడు ఒప్పుకున్నాకే మొదలుపెట్టాం. ఒకటి మాత్రం జాగ్రత్త: పబ్లిక్ పరీక్షల నెలలో ఇలాంటిది మొదలుపెట్టకూడదు. రోజుకొక్క బస్సే ఉన్న ఊళ్లో కూడా ఇలా చేయొద్దు, అక్కడ పొరపాటు ఖరీదు మరీ ఎక్కువ.

రెండు వారాలు బాగానే లేచాడు. మూడో సోమవారం అలారం మోగింది, వెళ్లి ఆపాడు, మళ్లీ వచ్చి పడుకున్నాడు. నేను వంటగదిలో చట్నీ తాలింపు పెడుతున్నాను. ఏడయింది. ఏడూ అయిదు. కాళ్లు గది వైపే లాగుతున్నాయి. గరిటె పట్టుకొని అక్కడే నిలబడ్డాను. ఏడూ పదికి ఉలిక్కిపడి లేచాడు, "ఏందిమా, లేప..." అని సగంలో ఆపేశాడు. పరుగెత్తినా బస్సు దొరకలేదు. వాళ్ల నాన్న తాళాల వైపు చూశాడు, నేను ఆయన వైపు చూశాను. వాడు ఏమీ అనకుండా తర్వాతి బస్సుకు పోయాడు.

సాయంత్రం వాడే చెప్పాడు. మొదటి పీరియడు సైన్సు స్లిప్‌టెస్టు పోయిందట. సార్ కారణం అడిగారట.

"ఏం చెప్పినావు?"

"లేవలేదు సార్ అని చెప్పినా."

నేను వెనక్కి తిరిగి స్టవ్ దగ్గర ఏదో సర్దుతున్నట్టు నిలబడ్డాను, కళ్లలో నీళ్లు వాడికి కనపడకుండా.

ఆ తర్వాత కూడా మూడుసార్లు బస్సు తప్పాడు, మూడూ సోమవారాలే. ఇప్పటికీ ఆరున్నరకు ఫ్రిజ్ మీద అలారం మోగుతుంది, ఆగుతుంది. నేను పెనం మీద దోసె తిప్పుతూ తలుపు గొళ్లెం తీసిన చప్పుడు కోసం, పాలకు బయల్దేరిన చెప్పుల చప్పుడు కోసం వింటూ ఉంటాను.